గ్రీన్ టీ పద్యానికి రాజుపాలెం టీక

అవతారిక

వ్యాఖ్యానమన్నాక మూలం ఉండాలి. గ్రీన్ టీ విషయంలో ఆ లోటు తీర్చడానికి కింది ఆటవెలదిని వ్యాఖ్యాతే అల్లుకున్నాడు. మూలకర్త, టీకాకర్త ఒకరే కావడంతో పాఠభేదాల పేచీ, కాలనిర్ణయపు తగాదా రెండూ తప్పాయి. శాస్త్రానికి అనుబంధాలు నాలుగు చెప్పాలంటారు గనక అవీ చెప్పేద్దాం. అధికారి ఎవరంటే, పల్నాడులో సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ళ వెళ్ళే దారిలో రాజుపాలెం లాంటి ఊళ్ళో ఉంటూ, షుగరనో బరువనో గ్రీన్ టీ డబ్బా కొని, చేదూ వగరూ తప్ప ఇందులో ఏముందని దాన్ని అటకెక్కించినవారు. విషయం: నీరు. ప్రయోజనం: ఆ డబ్బా అటక దిగడం. సంబంధం: డబ్బాకూ అటకకూ ఉన్నదే. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని కోలాచల మల్లినాథసూరి పెట్టుకున్న నియమంలో మొదటి సగాన్ని ఈ వ్యాఖ్య పాటిస్తుంది. రెండో సగానికి హామీ లేదు.

మూలం

ఆ.వె. నీరు కాచి దించి నిల్పి తేటను వంచి
అందు నాకు వేసి యంత నాగి
మూడు నిముసములకు ముద్దపిప్పిని తీసి
పాలు చక్కెరలను బాసి త్రాగు.

ప్రతిపదార్థం

నీరు = ఇంట్లో ఉన్న నీటిని; కాచి = తెర్లే దాకా మరగబెట్టి; దించి = పొయ్యి మీంచి దించి; నిల్పి = కదపకుండా ఉంచి; తేటను = పైన తేరిన నీటిని; వంచి = మరో గిన్నెలోకి వంచుకొని; అందున్ = ఆ తేటలో; ఆకు = గ్రీన్ టీ ఆకును; వేసి = వేసి; అంతన్ = ఆ పైన; ఆగి = తొందరపడకుండా ఉండి; మూడు నిముసములకు = మూడు నిమిషాలు కాగానే; ముద్దపిప్పిని = నానిన ఆకు ముద్దను; తీసి = వడగట్టి; పాలు చక్కెరలను = పాలనూ చక్కెరనూ; బాసి = వదిలి; త్రాగు = తాగుము. రెండో పాదాన్ని ‘నాకు వేసి’ అని చదివి కప్పు తనవైపు లాక్కునేవారు అతిథి మర్యాద తెలియనివారు.

తాత్పర్యం

నీటిని మరిగించి, తేర్చి, వంచుకున్న తర్వాతే ఆకు వేయాలి. ఇంతే. మిగతాదంతా విశేషం.

విశేషాలు

పద్యంలో నాలుగు పాదాలుంటే మొదటి పాదం మొత్తం నీటికే పోయింది. ఆకుకు దక్కింది రెండో పాదంలో రెండు మాటలు. ఇది కవి అసమర్థత కాదు, పల్నాటి పరిస్థితి. డబ్బా వెనక అచ్చయిన సూచనలు ఆకు ఎన్ని గ్రాములో, నీరు ఎన్ని డిగ్రీలో, నిమిషాలెన్నో చెబుతాయి. ఆ నీరు ఏ ఊరిదో అడగవు. అడగవలసిన మొదటి ప్రశ్న అదే. పల్నాటి భూగర్భంలో పెద్ద భాగం సున్నపురాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని కర్నూలు శ్రేణిలో చేర్చి, ఇందులోని ముఖ్యమైన పొరకు నర్జి సున్నపురాయి అని పేరు పెట్టారు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు ఈ రాయి పుణ్యమే. శ్రీనాథుడి పేర చెలామణిలో ఉన్న పల్నాటి చాటువు నాగులేటి నీటినీ నాపరాతినీ ఒక్క ఊపిరిలో చెబుతుంది. ఆయన వెక్కిరించడానికే అన్నా జంట మాత్రం సరిగ్గా కుదిరింది, ఎందుకంటే ఇక్కడి రాయి నీటిలో కరుగుతుంది. వాన నీరు నేలలోకి ఇంకుతూ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించి, కాల్షియం బైకార్బొనేట్‌గా మోసుకుని బోరులోంచి బయటికొస్తుంది. కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం, గిన్నె అడుగున తెల్లగా పొర కట్టడం ఈ ప్రాంతపు ఇల్లాళ్ళకు కొత్త సంగతులు కావు. పుస్తకాలు దీన్ని కఠిన జలమంటాయి.

ఇలాంటి నీరు టీ ఆకు మీద ఏం చేస్తుందో చూడాలంటే బోరు నీటిలో కాచిన టీని పాలు కలపకుండా గాజు గ్లాసులో పోసి పది నిమిషాలు వదిలేస్తే చాలు. పైన సన్నని పొర ఒకటి తేలుతుంది. గ్లాసు వంచితే ఎండిన చెరువు అడుగులా బీటలు వారి అంచుకు అంటుకుంటుంది. ఆకులోని పాలీఫినాల్స్ గాలితో కలిసి మారుతుంటే, నీటిలోని కాల్షియం, బైకార్బొనేట్ తోడై కట్టిన పొర అది. గ్రీన్ టీకి అంతకంటే పెద్ద నష్టం రంగులో, రుచిలో కనిపిస్తుంది. బైకార్బొనేట్ ఉన్న నీరు క్షారగుణం వైపు మొగ్గుతుంది. గ్రీన్ టీ ప్రాణమైన కాటెకిన్లు క్షారంలో నిలవవు, త్వరగా మారిపోతాయి. లేత పసుపుపచ్చగా ఉండాల్సిన టీ గోధుమరంగులోకి దిగుతుంది, వాసన మందగిస్తుంది, నాలుక మీద మొద్దు రుచి మిగులుతుంది. తాగినవారు ఆకును తిడతారు. ఆ తిట్లలో సగం నీటికి చెందవలసినవి.

ఇక ‘కాచి, దించి, నిల్పి, తేటను వంచి’ అన్న నాలుగు పనుల సార్థకత చూద్దాం. కాల్షియం బైకార్బొనేట్ మరిగే నీటిలో ఉండలేదు. వాయువు ఆవిరితోపాటు వెళ్ళిపోతే కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద, మిగులుతుంది. అది కొంత గిన్నె గోడలకు పడుతుంది, కొంత నీటిలో తెల్లని నలుసుగా తిరిగి అడుగుకు దిగుతుంది. నాలుగైదు నిమిషాలు బాగా తెర్లనిచ్చి, దించి, కదపకుండా ఉంచి, అడుగున రెండు వేళ్ళ మందం వదిలేసి పైనీటిని వంచుకుంటే, వచ్చిన నీటికి మొదట ఉన్న కాఠిన్యంలో కొంత తగ్గుతుంది. ఇందులో మరో లాభం దాగి ఉంది. గ్రీన్ టీకి మరిగే నీరు పనికిరాదు, 80 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. కాటెకిన్లు, కెఫీన్ వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా దిగి చేదును, వగరును పెంచుతాయి. మెత్తని కమ్మదనం ఇచ్చే థియానిన్ అంత వేడి లేకుండానే దిగుతుంది. పల్లెటూరి వంటింట్లో థర్మామీటర్ ఉండదు. నీటిని నిలిపి, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వంచడమే దానికి బదులు: గిన్నె మారిన ప్రతిసారీ కొన్ని డిగ్రీలు దిగుతాయి. తేర్చడం, చల్లార్చడం రెండూ ఒక్క వంపులో అయిపోయాయి. కవి పొదుపరి.

ఇక్కడ మొదటి పూర్వపక్షం లేస్తుంది. చైనావాళ్ళు నీటిని అంతగా మరగనివ్వరు కదా, మరిగి మరిగి నీరు ముసలిదవుతుందని వాళ్ళ శాస్త్రమే అంటుంది కదా అని. నిజమే. 8వ శతాబ్దంలో లూ యూ రాసిన ‘చా జింగ్’ టీ మీద తొలి ప్రామాణిక గ్రంథం. మూడు భాగాలు, పది అధ్యాయాలు. ఆకు నీళ్ళ మీద ఇంత వ్యాఖ్య ఎందుకని నవ్వేవారికి జవాబు ఆ అధ్యాయాల సంఖ్యే. నీరు కాగేటప్పుడు మూడు దశలుంటాయనీ, మూడో దశ దాటిన నీరు తాగడానికి పనికిరాదనీ ఆయన తీర్పు. కానీ అదే గ్రంథంలో అదే మనిషి నీటికి తరగతులు కట్టాడు: కొండ నీరు ఉత్తమం, నది నీరు మధ్యమం, బావి నీరు అధమం. బావి నీరే వాడాల్సి వస్తే పదిమందీ నిత్యం తోడే బావినే వాడమన్నాడు. అంటే ముసలితనం గురించి ఆయన చెప్పింది ఉత్తమ జలానికి. అధమ జలాన్ని ముందు మధ్యమం చేసుకోవాలి, ఆ తర్వాత దాని వయసు గురించి బెంగపడవచ్చు. మరిగిస్తే నీటిలోని ప్రాణవాయువు పోయి రుచి చస్తుందనే వాదమూ ఉంది. ఆ వాయువు 80 డిగ్రీలకు చేరేలోపే చాలా వరకు పోతుంది. మిగిలిన కాస్త కోసం సున్నాన్ని కప్పులో ఉంచుకోవడం బేరం కాదు. హాంగ్‌జౌలో లాంగ్‌జింగ్ ఆకుకూ హుపావ్ ఊట నీటికీ జంట కట్టి పొగడడం చైనాలో పాత మర్యాద. వాళ్ళు ఆకును తమ ఊరి నీటితో కలిపి ఎంచుకున్నారు. వాళ్ళను అనుసరించడమంటే వాళ్ళ డిగ్రీలను అరువు తెచ్చుకోవడం కాదు, మన నీటిని మనం ఎంచుకోవడం.

రెండో పూర్వపక్షం: వృత్తిగా టీ రుచి చూసేవాళ్ళు మరిగే నీళ్ళు పోసి ఆరు నిమిషాలు ఉంచుతారు, మూడు నిమిషాల ముచ్చట ఎక్కడిది? అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3103 చెప్పేది అదే: 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, మరిగే నీరు, ఆరు నిమిషాలు. దీనికి ఆధారమైన బ్రిటిష్ ప్రమాణం ఆరు పేజీలు సాగినందుకు 1999లో సాహిత్య విభాగంలో ఇగ్ నోబెల్ అనే పరిహాస బహుమతి కూడా వచ్చింది. అయితే ఆ పద్ధతి ఆకు లోపాలను బయటికి లాగడానికి ఏర్పడిన పరీక్ష, తాగడానికి కాదు. ఆ ప్రమాణంలోనే ఉన్న మరో మాట మన వాదానికి బలం: పరీక్షకు వాడే నీరు ఆ టీ తాగబోయే చోటి తాగునీటిని పోలి ఉండాలి. ఆకు మంచిచెడ్డలు తేల్చేవాళ్ళే నీటి ఊరిని వదల్లేకపోయారు.

మూడో పూర్వపక్షం బలమైనది. రోజుకు ఎన్నోసార్లు టీ తాగే ఊళ్ళో ఇదే నీటితో టీ బ్రహ్మాండంగా కుదురుతోంది కదా, గ్రీన్ టీకి మాత్రం ఈ మడి ఎందుకు? మన టీపొడి వేరే జాతిది. ఆకును నలిపి, చించి, చుట్టే సీటీసీ యంత్రం 1930లలో అస్సాంలో పుట్టింది. ఆ పొడి పాలనూ చక్కెరనూ మోయగలిగేంత ఘాటుగా దిగుతుంది. పాలలోని కేసిన్ వగరును పట్టేసి మింగేస్తుంది, అల్లం యాలకులు మిగతా పని చూసుకుంటాయి, నీటి దోషం వీటి కింద కనబడదు. గ్రీన్ టీ ఆకును చైనాలో కోశాక వేడి బాణలిలో వేయించి, ఆకును నల్లబరిచే ఎంజైమును చంపేస్తారు. రుచి అంతా పలచని పచ్చిదనంలో, చివర వచ్చే కాస్త తీపిలో ఉంటుంది. నీటిలో ఏ దోషమున్నా ముందు చచ్చేది ఆ తీపే. నాలుగో పాదం పాలు చక్కెరలను వద్దనడం ఆరోగ్యోపదేశం కాదు, సాక్ష్యాన్ని చెరపవద్దని హెచ్చరిక. ఆకు వేసి పొయ్యి మీద మరిగించి కషాయం చేయడమూ ఈ కారణంగానే తప్పు. నిమ్మరసం సంగతి వేరు. పద్యం దాన్ని నిషేధించలేదు. నిమ్మలోని పులుపు బైకార్బొనేట్‌ను విరిచి, గోధుమరంగును లేతపరుస్తుంది, కాటెకిన్లను నిలబెడుతుంది. బోరు నీటికి అది ప్రాయశ్చిత్తం. కాకపోతే ప్రాయశ్చిత్తం రుచే తెలుస్తుంది, ఆకు రుచి తెలియదు.

నాలుగోది, ఈ కాలపు పూర్వపక్షం: 20 లీటర్ల టిన్ను నీళ్ళు ఇంటికే వస్తుంటే ఈ కాచి తేర్చడం ఎవరికి కావాలి? ఇందులో సగం ఒప్పుకోవాలి. మరిగిస్తే పోయేది బైకార్బొనేట్ వల్ల వచ్చిన కాఠిన్యమే. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చింది కదలదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలంటుంది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఓర్చుకోమంటుంది. ఆ పై అంచు దగ్గర ఉన్న బోరుకు పద్యం ఒక్కటే చాలదు. ఫ్లోరైడ్ సంగతి ఇంకా కచ్చితం: పల్నాడులో ఫ్లోరైడ్ పీడ ఉన్న ఊళ్ళున్నాయి, మరిగిస్తే ఫ్లోరైడ్ పోకపోగా నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది, పైగా టీ చెట్టు తనంతట తానే ఫ్లోరైడును ఆకుల్లో దాచుకుంటుంది. అలాంటి ఊళ్ళలో టిన్ను నీరో కాలువ నీరో తప్ప ఈ పద్యానికి అధికారం లేదు. అలాగని ప్లాంటులో నింపే ఆ టిన్ను నీరు ఉత్తమ జలమైపోదు. ఖనిజాలన్నీ తీసేసిన నీటిలో టీ రంగు మెరుస్తుంది, రుచి మాత్రం చప్పబడుతుంది. తేరిన బోరు నీరు ఒక పాలు, టిన్ను నీరు రెండు పాళ్ళు కలిపితే మధ్యేమార్గం. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక కుడి కాలువ పల్నాటికి కృష్ణ నీటిని తెచ్చింది. లూ యూ లెక్కలో అది మధ్యమం, రాజుపాలెం లెక్కలో ఉత్తమం.

చివరిగా ‘పిప్పి’ అన్నందుకు కవిని తప్పు పట్టాలి. మంచి చైనా ఆకు ఒక్కసారికి పిప్పి కాదు. అదే ఆకు మీద రెండోసారి, మూడోసారి తేట పోయవచ్చు. ఆకు నీటిలో విచ్చుకుని, కోసినప్పటి మొగ్గా రెండాకుల ఆకారం రెండో విడతకే పూర్తిగా తెలుస్తుంది. రుచి చూసేటప్పుడు చప్పుడు రాకుండా తాగే మర్యాదను పక్కనపెట్టి జుర్రాలి, గాలితో కలిసిన ఆవిరి ముక్కు వెనక్కి చేరితేనే వాసన తెలుస్తుంది.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివితే బరువు తగ్గుతుందని గానీ, షుగరు దిగుతుందని గానీ వ్యాఖ్యాత పూచీ పడడు. సిద్ధాంతం ఒక్కటే: ఆకు ఏ దేశానిదైనా టీ మాత్రం నీటి ఊరిదే. ఒప్పుకోనివారికి తేలికైన పరీక్ష ఉంది. ఒకే డబ్బాలోంచి ఆకును సమానంగా నాలుగు గ్లాసుల్లో వేసి, ఒకదానిలో మరిగించకుండా వేడిచేసిన బోరు నీరు, ఒకదానిలో కాచి తేర్చిన బోరు నీరు, ఒకదానిలో కాలువ నీరు, ఒకదానిలో టిన్ను నీరు అంతే వేడితో పోసి, మూడు నిమిషాలకు వడగట్టి, ఏది ఏదో తెలియకుండా మరొకరి చేత మార్పించి రుచి చూడాలి. నాలుగూ ఒకేలా ఉంటే ఈ టీకను చించి పొయ్యిలో పెట్టవచ్చు. తేడా తెలిస్తే, ఇంకా ఖరీదైన ఆకు కోసం వెచ్చించబోయిన డబ్బు మిగిలినట్టే.