మా ముంగిట్లో అక్రమ నిర్మాణం

గౌరవనీయులైన కాలనీ ఇళ్ల సంఘం అధ్యక్షుల వారికి, హ్యూస్టన్ శివారులోని మీ సభ్యుడు నమస్కరించి రాయునది.

మీ నోటీసు అందింది. మా ఇంటి ముందు పచ్చికలో అనుమతి లేని నిర్మాణం వెలసిందనీ, పొదల మీద రంగురంగుల గుడ్డలు ఆరేశామనీ, పది రోజుల్లో రెండూ తీసేయకపోతే జరిమానా తప్పదనీ సెలవిచ్చారు.

నిర్మాణం సంగతి ముందు. అది మంచుమనిషి. 2025 జనవరి 21, మంగళవారం నాడు పిల్లలు కట్టారు. ముక్కుకి క్యారెట్, కళ్లకి మా అమ్మ తెచ్చుకున్న కుంకుడు గింజలు. మీ నోటీసు వచ్చేలోగా ఆయనే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. క్యారెట్‌ని ఉడుత తినేసింది. గింజలు రెండూ భద్రంగా ఉన్నాయి, సాక్ష్యానికి కావాలంటే పంపుతాను.

ఆ రోజు ఊళ్లో రెండు నుంచి నాలుగు అంగుళాల మంచు పడిందని మీకూ తెలుసు. రెండు పెద్ద విమానాశ్రయాలూ మూసేశారు. మా తూర్పున లేక్ చార్లెస్ వాతావరణ కార్యాలయం తన చరిత్రలో మొట్టమొదటిసారి బ్లిజార్డ్ హెచ్చరిక జారీ చేసింది. 1895 ఫిబ్రవరిలో ఇదే హ్యూస్టన్‌లో 20 అంగుళాలు పడింది. అప్పటికి మీ సంఘం పుట్టలేదు కనుక ఆ పిల్లలు బతికిపోయారు.

తణుకు నుంచి వచ్చిన మా అమ్మ మాత్రం, "ఒరే, ఇది మనం ఫ్రిజ్జులో గీకి పారేసేదే కదరా! దీనికి బళ్లకి సెలవులు కూడానా?" అంది. అన్నదే గానీ మధ్యాహ్నం దాకా కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

ఇక గుడ్డలు. అవి ఆరేసినవి కావు, కప్పినవి. చలి ముదిరితే టీవీలో నాలుగు 'పి'లు కాపాడుకోమంటారు: పీపుల్, పెట్స్, పైప్స్, ప్లాంట్స్. ప్లాస్టిక్ ఆకుకి తగిలితే మాడిపోతుంది, గుడ్డే మేలు. ఇంట్లో మెత్తటి పాత నూలు గుడ్డలంటే అమ్మ వెంకటగిరి చీరలే. మందారానికి ఆకుపచ్చది, మల్లెకి జరీ అంచుది. మీ నిబంధనల్లో దుప్పటి రంగుల పట్టిక ఉంటే పంపండి, వచ్చే చలికి చూసి కప్పుతాం.

అసలు తప్పు మనిద్దరిదీ కాదు. హ్యూస్టన్, హరిద్వారం దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అక్కడ ఉత్తరాన హిమవంతుడు అడ్డంగా నిలబడి చలిగాలిని ఆపుతాడు. ఇక్కడ ఆర్కిటిక్ నుంచి మన పెరటి దాకా ఆపే కొండ లేదు. ఆ గాలి వచ్చినప్పుడు పొడిగా వస్తుంది, గల్ఫ్ తేమ వస్తే వెచ్చదనమూ వెంటబెట్టుకొస్తుంది, అందుకే మామూలుగా మనకి వానే దక్కుతుంది. ఆ మంగళవారం చలీ తేమా ఒకే ముహూర్తానికి కలిశాయి. ఇది మళ్లీ జరగకూడదంటే ఉత్తరం వైపు ప్రహరీ కట్టాలి. మీ నిబంధన ప్రకారం గోడ ఆరడుగులు దాటకూడదు. నాకు 8,849 మీటర్లు కావాలి. దరఖాస్తు జతపరిచాను, ఇరుగుపొరుగు సంతకాలతో సహా.

ఇంకొక్క మనవి. మా మునగ చెట్టు ఇప్పుడు ఎండుకట్టెలా కనబడుతోంది. చచ్చిన చెట్టు కొట్టేయమని మరో నోటీసు తయారవుతోందేమో. దానికి వేరు బతికే ఉంటుంది, ఎండలు మొదలవగానే మొదట్లోంచి చిగురేస్తుంది. ఉగాది వస్తోంది. అందాకా ఆగండి.

కరివేపాకు మాత్రం క్షేమం. నిమ్మజాతి తెగుళ్ల భయంతో బయటి రాష్ట్రం నుంచి ఆ మొక్క తెచ్చుకోవడానికి ఆంక్షలున్నాయి. పోతే మళ్లీ దొరకడం కష్టమని దాన్ని కుండీతో సహా గరాజ్‌లోకి చేర్చాం. చోటు చాలక కారు బయట పెట్టాం. రాత్రిళ్లు వీధిలో కారు నిలిపినందుకు మీరు పంపబోయే నోటీసుకి జవాబు విడిగా రాస్తాను.

ఇట్లు,
భవదీయ విధేయుడు