అటక మీది పట్టుమగ్గం

లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌ పేటలో ఒక అటక మీద పడి ఉన్న పట్టుమగ్గాన్ని నేను. నా పుట్టుకలో గొప్పేమీ లేదు, నాలుగు దుంగలూ కాసిని తాళ్లూ. చెప్పుకోవలసింది నా ముందు కూర్చున్నవాళ్ల గురించి. వాళ్లు హ్యూగెనాట్లు, ఫ్రాన్స్ ప్రొటెస్టెంట్లు. 1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ వాళ్ల మతస్వేచ్ఛను రద్దు చేస్తే, అటూ ఇటుగా 50 వేల మంది ఇంగ్లండు చేరారు. ఇక్కడివాళ్లు చందాలెత్తి ఆదుకున్నారు. దయ లేదనను. కానీ శత్రురాజు పోగొట్టుకున్న పనితనం మనకు తేరగా దొరికిందన్న లెక్క ఆ దయ వెనకే ఉంది.

కాదు, తోటి ప్రొటెస్టెంట్లన్న మతాభిమానమే అంటారా? 1709 సంగతి చూడండి. యుద్ధానికీ ఆ ఏటి భయంకరమైన చలికీ తాళలేక జర్మనీలోని పలాటినేట్ ప్రాంతం నుంచి 13 వేల మంది దాకా వచ్చారు. ఎక్కువమంది ప్రొటెస్టెంట్లే, కాకపోతే సేద్యం చేసుకునేవాళ్లు. బ్లాక్‌హీత్ మైదానంలో గుడారాల్లో పెట్టి, ఎవరికి ఏ పని వచ్చో జాబితాలు రాసుకున్నారు. కాథలిక్కులను వెనక్కి పంపారు, మిగతావాళ్లలో చాలామందిని ఐర్లండుకూ న్యూయార్క్‌కూ తోలారు. విదేశీ ప్రొటెస్టెంట్లకు పౌరసత్వమిస్తూ ఆ ఏడే చేసిన చట్టాన్ని మూడేళ్లు తిరక్కుండా రద్దు చేశారు. ఒక్క వేసవిలో అంతమంది వచ్చిపడితే ఎవరు తట్టుకుంటారన్నది న్యాయమైన మాటే. కానీ భయం గుంపును చూసే అయితే, పనుల జాబితా ఎందుకు?

మా పేట నేతగాళ్లూ తక్కువ తినలేదు. మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వచ్చే అద్దకపు బట్టలు కట్టకూడదని 1700లోనే చట్టం వచ్చింది. అదీ చాలక 1719లో, అద్దకం గౌను తొడుక్కున్న ఆడవాళ్ల మీద వీధిలోనే సిరా పోసి బట్టలు చింపారు. ఆ కోపం మిగిల్చిందేమీ లేదు. 1860లో ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరి ఫ్రెంచి పట్టు మీద సుంకం ఎత్తేశారు, మా పని పడిపోయింది. నా నాడె ఏ పిల్లవాడి ఆటకు పోయిందో తెలియదు. తాళ్లు ఎలుకలు కొరికాయి, దుంగల మీద తడిబట్టలు ఆరేశారు. వెలుతురు కోసమని నా పక్కన పెట్టించిన పొడవాటి కిటికీ దగ్గరికి, రష్యా నుంచి పారిపోయి వచ్చిన యూదు దర్జీలు చేరారు. నన్ను గోడవారకు నెట్టారు. వాళ్లనేం అనను.

వాళ్లలాంటివాళ్లను ఆపడానికే 1905లో విదేశీయుల చట్టం చేశారు. మతహింసకు పారిపోయి వచ్చినవాణ్ని పేదవాడన్న కారణంతో తిప్పి పంపకూడదని అందులోనే ఉంది కదా అంటారు. ఉంది. కానీ రేవులో తనిఖీ ఓడలో చవక తరగతిలో వచ్చినవాళ్లకే. క్యాబిన్ టికెట్టు కొనుక్కున్నవాడు ఎందుకొచ్చాడో ఏ అధికారీ అడగలేదు.