బాబాయి బతికుండటమే చిక్కు

ఇల్లు కట్టుకోడానికి అప్పు అడిగితే బ్యాంకు వాళ్లు మన జీతం చీటీ చూస్తారు, సిబిల్ స్కోరు చూస్తారు, స్థలం లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లి మరీ చూస్తారు. అన్నీ అయిపోయాక, చివరి సంతకానికి ముందు, మొదటిసారి తలెత్తి మన మొహం చూస్తారు. అప్పుడు పట్టుకుంటుంది వాళ్లకి దిగులు, వీడు గానీ మధ్యలో పోతాడేమోనని.

ఆ దిగులుకి వాళ్లు పెట్టుకున్న పేరు లోన్ సురక్ష. దిగులు వాళ్లది, ప్రీమియం మనది. "ఫార్మాలిటీ సార్. ఇక్కడొకటి, ఇక్కడొకటి, వెనకాల ఇంకొకటి." మా కూర్మన్నపాలెం బాబాయి అలాగే మూడూ పెట్టాడు. విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల సెగకి ఎదురు నిలిచిన మనిషి, ఏసీ గదిలో పెన్ను పట్టుకునేసరికి ఎందుకో మెత్తబడిపోయాడు.

ప్రీమియం లక్ష రూపాయలు. జేబులోంచి తియ్యక్కర్లేదు, అప్పులోనే కలిపేస్తారు, అంతటి మర్యాద. తొమ్మిది శాతం వడ్డీకి ఇరవయ్యేళ్ల అప్పయితే ఆ లక్షకి నెలకి సుమారు 900 చొప్పున 240 వాయిదాలు, వెరసి 2,16,000. పైన జీఎస్టీ ఒకటి. మనంతట మనం తీసుకునే జీవిత బీమాకి 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ పన్ను ఎత్తేశారు. బ్యాంకు గంపగుత్తగా తీసే గ్రూపు పాలసీకి మాత్రం ఎత్తలేదు. గ్రూపు పాలసీ అన్న మాట కూడా బాబాయికి చాలా ఆలస్యంగా తెలిసింది. అందులో అసలు పాలసీదారు బ్యాంకే, ఈయన ఉత్త సభ్యుడు. ఓడరేవులో దిగే సరుక్కి బీమా ఉంటే, సరుకు మునిగినప్పుడు డబ్బు సరుకు గలవాడికి వస్తుంది. ఇక్కడ మునిగేది బాబాయి, డబ్బు ముందుగా చేరేది బ్యాంకు పద్దుకి.

వస్తువు పూర్తిగా చెడ్డదని అనను. ఇంటి పెద్ద పోతే ఇల్లు వేలానికి పోకుండా ఆగుతుంది, అది చిన్న సంగతి కాదు. అయితే అదే పని బయట తీసుకున్న మామూలు టర్మ్ పాలసీ కూడా చేస్తుంది, డబ్బు నేరుగా భార్య చేతికి వస్తుంది. పైగా అప్పు తగ్గుతున్న కొద్దీ ఆ పాలసీ మొత్తం తగ్గదు. ఈ ముక్క చెప్పాల్సిన కుర్చీలో కూర్చున్న అబ్బాయికి మార్చి టార్గెట్ ఉంది పాపం.

2024లో ఉక్కు ఉద్యోగుల జీతాలు ఆలస్యమై, సగం ఒకసారి, సగం మరోసారి పడిన రోజులొచ్చాయి. బ్యాంకు మాత్రం ఈఎంఐని ముక్కలుగా పుచ్చుకోదు. బాబాయి బీరువాలోంచి సురక్ష కాగితం తీసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గాజువాక బ్రాంచికి వెళ్లాడు.

"లోన్ సురక్ష అన్నారు గదా సార్. జీతం రాలేదు. ఈ నెల వాయిదా ఇది కట్టదేటి?"

"అది డెత్ కవర్ అండీ."

"అంటే నాను సచ్చిపోవాలా?"

"అలా అనకండి సార్. కవర్ అయితే ఉంది."

"మరి బతికుంటే ఏటి?"

"బతికుంటే ఈఎంఐ కట్టాలండి."

ఇంగ్లండు బ్యాంకులు ఈ విషయంలో మనకంటే ఉదారులు. అక్కడ అప్పులకి అంటగట్టిన బీమా, ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా వాయిదా కడతానంది. కాకపోతే ఉద్యోగం పోతే ఆదుకునే ఆ పాలసీని రిటైరైన వాళ్లకి కూడా అమ్మారు. సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకీ అమ్మారు. 2011లో బ్యాంకులు కోర్టులో ఓడాయి. 2014లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో ప్రీమియం 5,780 పౌండ్లు, అందులో 71.8 శాతం కమీషన్లకే పోయిందని బయటపడింది. ఆఖరికి డబ్బు వెనక్కి అడగడానికి 2019 ఆగస్టు 29 గడువుగా పెట్టి, హాలీవుడ్ నటుడు ష్వార్జ్‌నెగర్ మరబొమ్మ తలకాయ చేత టీవీలో కేకలు వేయించారు, త్వరగా వచ్చి అడగండర్రా అని. వెనక్కిచ్చింది 3,800 కోట్ల పౌండ్ల పైచిలుకు. మన లెక్కలో మూడు లక్షల కోట్ల రూపాయల పైమాటే. 2025 జనవరిలో మన ఉక్కుకి ప్రకటించిన 11,440 కోట్ల లాంటి ప్యాకేజీలు దాంతో ఓ పాతిక ఇవ్వొచ్చు. మన దగ్గర అలా మొత్తంగా కక్కించిన దాఖలా లేదు. ఇక్కడ ఎవరి లక్ష వాళ్లే వెతుక్కోవాలి.

బాబాయి పెట్టిన మూడు సంతకాల్లో వెనకవైపుది ఆరోగ్య ప్రకటన మీద. షుగరుందా, బీపీ ఉందా, గుండె జబ్బుందా అన్న ప్రశ్నలకి ఆయన కుర్చీలో కూర్చోకముందే "లేదు, లేదు, లేదు" అని టిక్కులు పడి ఉన్నాయి. బాబాయి చొక్కా జేబులో షుగరు బిళ్లల పట్టీ ఉంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటితే పాలసీని ఏ సాకుతోనూ తిరగదోడకూడదు, ఆలోపైతే నిజం దాచారని క్లెయిము తిప్పికొట్టొచ్చు. కాబట్టి ఈ సురక్ష పనిచెయ్యాలంటే చచ్చిపోతే చాలదు, మూడేళ్లు ఓపిక పట్టి చచ్చిపోవాలి.

పోనీ డబ్బు వెనక్కి అడుగుదామా అంటే తలుపులకి కొదవ లేదు. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లో వద్దని తిప్పి పంపెయ్యొచ్చు, ఆ కాగితం ఏ ఈమెయిల్ అడుగున పడిందో కనిపెట్టగలిగితే. తర్వాత బీమా కంపెనీకి ఫిర్యాదు. నెల్లో తేల్చకపోయినా, కాదన్నా, ఏడాదిలోగా హైదరాబాద్‌లో ఉన్న బీమా అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కే పని కూడా లేదు, వీడియోలో వింటారు. బ్యాంకు మీదైతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, గాజువాకలో పుట్టిన ఆ కాగితం ముందు ఛండీగఢ్ వెళ్లి మొహం కడుక్కుంటుంది. వినియోగదారుల కమిషన్ విశాఖలోనే ఉంది, గడువు రెండేళ్లు. బాబాయి సంగతి తెలుసుకుంది ఆరో ఏట.

ఏ తలుపు తట్టినా లోపల్నుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే. ఈ సంతకం మీదేనా?

2024 అక్టోబర్ 1 తర్వాత అప్పు తీసుకున్నవాళ్లు కాస్త అదృష్టవంతులు. వాళ్లకి అప్పు వివరాల పత్రం ముందే ఇవ్వాలి, అందులో బీమా ఖర్చు విడిగా చూపించి అసలు వడ్డీ రేటులో కలిపి చెప్పాలి. అదే ఏడాది నవంబరులో ముంబైలో బ్యాంకర్ల సభలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్, ఇలా బీమా అంటగట్టడం వల్ల అప్పు ఖరీదు పెరుగుతోందని మందలించారు. అంతకు పదేళ్ల ముందే రిజర్వు బ్యాంకు ఖాతాదారులకి ఐదు హక్కులు రాసిచ్చింది. తగని సరుకు అమ్మకూడదన్నది అందులో ఒకటి. హక్కులు పుష్కలంగా ఉన్నాయి. సంతకం తర్వాత తెలుస్తాయి, అంతే.

బాబాయి మొండివాడు. ఉక్కు ప్రైవేటీకరణ వద్దంటూ కూర్మన్నపాలెంలో వేసిన దీక్షా శిబిరంలో ఏళ్ల తరబడి కూర్చున్న అలవాటు ఉంది. ఆరోగ్య ప్రకటన నకలు ఇవ్వండి, నా చేతిరాతలో ఆ టిక్కులు చూపించండి, అప్పు ముందే తీర్చేస్తే మిగిలిన కాలానికి ప్రీమియం ఎంత తిరిగిస్తారో లెక్క కట్టండి అని మూడు ప్రశ్నలు రాసి, రెండు కాపీలు తీసి, ఒకదాని మీద బ్రాంచి ముద్ర వేయించుకున్నాడు. ఈ వ్యవహారంలో ఆయన చదివి పెట్టిన మొదటి సంతకం అదే.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది. ఫిర్యాదు గురించి కాదు. "మీ రీపేమెంట్ రికార్డు చాలా బాగుంది సార్, ఐదు లక్షల టాప్-అప్ లోను రెడీగా ఉంది."

"దానికీ సురక్ష ఉంటాదేటమ్మా?"

"కంపల్సరీ ఏం కాదు సార్," అందిట ఆ అమ్మాయి. "అందరూ తీసుకుంటున్నారు."