పాజ్ తియ్యిరా బిడ్డా

నేను వీసీఆర్‌ని. నాగ్‌పాడా పక్కన కామాటిపురా గల్లీల్లో కిరాయికి తిరిగినదాన్ని. బొంబాయిని కట్టడానికి తెలుగు నేల నుంచి వచ్చిన కామాటీల పేరు మోసే గల్లీలవి. శనివారం రాత్రయితే నన్ను దుప్పట్లో చుట్టి ఏదో ఒక ఖోలీకి, అంటే ఒంటిగదికి, మోసుకుపోయేవారు. చాల్‌లో సగం జనం లోపల, సగం గుమ్మంలో.

నా కడుపులో ఒక డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. దాని హెడ్లు టేపును తడుముతూ బొమ్మను పైకి తెస్తాయి. పాజ్ నొక్కితే టేపు ఆగుతుంది గానీ హెడ్లు ఆగవు. ఒకే చోట రుద్దుతూనే ఉంటాయి.

‘జురాసిక్ పార్క్’ హిందీ మాటలతో నాలోకి వచ్చింది. 1993 నాటి ఆ సినిమాలో రాక్షసబల్లులు కనిపించేది సుమారు 15 నిమిషాలు. కంప్యూటర్ పని అందులో సగానికన్నా తక్కువ. మిగతావి స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన కదిలే బొమ్మలు. అన్నిటికన్నా భయపెట్టే ఘట్టం రాత్రిపూట, వానలో వస్తుంది. చీకటి లోపాన్ని కప్పింది, తడి మెరుపు ప్రాణం పోసింది. అంతకుముందు 1991లో వచ్చిన ‘టెర్మినేటర్ 2’లో కరిగి రూపు మార్చేవాడిది లోహపు ఒళ్లు. అద్దంలా మెరిసేదాన్ని చెయ్యడం ఆనాటి కంప్యూటర్‌కు వచ్చు. జుట్టు, చర్మం, నేలకు ఆనిన పాదం బరువు మాత్రం దానికి అంతగా చిక్కలేదు.

తర్వాత ‘అమ్మోరు’ వచ్చింది. శ్యామ్‌ప్రసాద్ రెడ్డి నిర్మాత, కోడి రామకృష్ణ దర్శకుడు, 1995. అమ్మవారు ఉగ్రరూపం దాల్చగానే ఒక పిల్లవాడు పాజ్ నొక్కాడు.

“అవ్వా, గీడ జూడు, అంచు కనవడ్తుంది. అతికిచ్చిన్రు.”

“పాజ్ తియ్యిరా బిడ్డా. గా తల్లి కండ్లు జూడు. అవి ఎవ్వలూ అతికియ్యలే.”

పిల్లవాడి మాటా నిజమే. ఆనాటి గ్రాఫిక్స్‌లో మనిషి మీద పడే వెలుగు ఒక తీరు, వెనకున్న ఆకాశానిది ఇంకో తీరు. మసకబారిన నా బొమ్మే ఆ అతుకుల్ని చాలావరకు దాచింది. కానీ ఆ కళ్లు అమ్మవారిగా నటించిన రమ్యకృష్ణవి. అంతసేపూ తెరమీద సౌందర్య పడ్డ కష్టం చూసి తల్లడిల్లిన ఖోలీ, ఆ తల్లి రాక కోసమే కాచుకుని ఉంది. కంప్యూటర్ అమ్మవారి రూపాన్ని పెంచగలదు, జనాన్ని ఆమె కోసం కాచుకునేలా చెయ్యలేదు.

అదే నిర్మాత, దర్శకుల జంట 2009లో ‘అరుంధతి’ తెచ్చేనాటికి నేను అటకెక్కాను. అంతకుముందు ‘అమ్మోరు’ క్యాసెట్ చివరిసారి నాలో తిరిగినప్పుడు సరిగ్గా ఆ ఉగ్రరూపం చోటే తెల్లగీతలు పడ్డాయి. పిల్లలు ఎక్కువసార్లు ఆపింది అక్కడే. గీతల వెనక ఆ కళ్లు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి. గుమ్మంలో కూర్చున్న అవ్వ చేతులు జోడించింది.