కెమెరా కొత్తది, కంప్యూటర్ పాతది

నరసరావుపేటలో ఓ ఫొటో స్టూడియోకి కొత్త కెనన్ కెమెరా వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, బొట్టు పెట్టారు. తొలి పెళ్లి తీసుకొచ్చి కంప్యూటర్లో వేస్తే రా ఫైలు ఒక్కటీ తెరుచుకోలేదు. ఎలా తెరుచుకుంటుంది? అందులో ఉన్నది ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ 6 (కొన్నదో, పెన్‌డ్రైవ్‌లో వచ్చిందో అడక్కండి). దానికి అడోబీ 2017 డిసెంబరులోనే చదువు మాన్పించింది. కెనన్ వారి సీఆర్3 ఫైలు పుట్టిందేమో 2018లో! ఇక కొత్త లైట్‌రూమ్‌కి నెలనెలా చందా కట్టాలి, ఆ బరువు మోయడానికి కొత్త కంప్యూటరూ కొనాలి. నిజానికి ఆ ఫైళ్లను అడోబీయే ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో మార్చుకుంటే పాతదీ తెరుస్తుంది. ఆ మాట కెమెరా అమ్మినవాడు చెబుతాడా?

పెళ్లికూతురి తండ్రి మాత్రం రోజూ ఫోను.

"ఆల్బం ఎప్పుడబ్బాయ్?"

"కోటప్పకొండ తిరునాళ్లయ్యాక బాబాయ్!"

ఏ ఏడాది తిరునాళ్లో చెప్పట్లేదు.