ఒక జింక, నాలుగు తేదీలు

ఊరికొకరు ఉంటారు. కొన్ని ఊళ్లలో ఇద్దరుంటారు గానీ ఆ ఇద్దరూ ఒకే పెళ్లికి రారు. వచ్చినా ఒకే బంతిలో కూర్చోరు. వయసు డెబ్బై దాటి ఉంటుంది. తెల్ల మీసం, భుజం మీద తువ్వాలు, కూర్చున్న నులక మంచం మీంచి లేవకుండానే అడవిని తెచ్చి మన ముందు పరచగల నోరు. మా పాలమూరు వైపు ఇలాంటి పెద్దమనిషిని షికారు తాత అంటాం. అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది.

లోకంలోని సంగతులన్నీ షికారు తాతకు మొదటి జింక దగ్గరికి పోయే దారులే. కరెంటు పోయిందనుకోండి. "ఇదేం చీకటి బిడ్డా, ఆ రాత్రి చీకటి సూడాల్సింది" అంటారు. ఎవరో కొత్త కారు కొని కొబ్బరికాయ కొడుతుంటే, "పటేలు జీపు ముందట ఇవన్నీ ఏపాటి?" అంటారు. ఆస్పత్రిలో బీపీ చూడబోతూ నర్సమ్మ "చెయ్యి వదులుగా పెట్టు తాతా" అన్న పాపానికి, "ఈ చెయ్యే బిడ్డా, ఆనాడు ఇసుమంత వణకలే" అని అందుకున్నారు. వెనక వరుసలో ఉన్న రోగులు ఆ పూట కథతోనే ఇంటికి పోయారు. అన్నిటికన్నా దగ్గరి దారి మాత్రం మటన్. దావత్‌లో ఎవరైనా ఆదమరిచి "ముక్క మెత్తగా ఉడికింది" అన్నారో, ఇక ఆ బంతి లేచేసరికి రెండో బంతి వాళ్లు గోడకానుకొని కునుకు తీస్తుంటారు.

ఎప్పుడూ మొదటి జింకే. రెండో జింక కథ ఊళ్లో ఎవరూ వినలేదు. మొదటిది అన్నారంటే తర్వాత ఇంకా ఉన్నట్టే కదా! ఒకసారి ఒక కుర్రాడు ధైర్యం చేసి అడిగాడు. "తర్వాతియి ఎవడన్నా లెక్కపెట్టుకుంటడారా?" అన్నారు తాత. ఆ ఒక్క మాటతో ఒక మంద మొత్తం ఆయన ఖాతాలో పడిపోయింది, తూటా ఖర్చు లేకుండా.

కథ జరిగింది కృష్ణ ఒడ్డున, మాగనూరు దాటాక వచ్చే నల్లరేగడి భూముల్లో. అక్కడ అడవి లేదు, కనుచూపు మేర బయలే. కృష్ణజింకకు కావలసింది కూడా అదే. మగదాన్ని పాత వేటగాళ్లు ఇర్రి అనేవారు. వీపు నల్లన, పొట్ట తెల్లన, నెత్తిన మెలితిరిగిన కొమ్ములు. ఊరి పటేలుకు జంట గొట్టాల తుపాకీ ఉండేది. లైసెన్సు తీసుకున్నది పంట కాపలాకని. స్వాతంత్ర్యం వచ్చాక పంటల రక్షణ పేరుతో దేశమంతటా తుపాకీ లైసెన్సులు ధారాళంగా ఇచ్చారు. జీపులూ ఊళ్లలోకి వచ్చాయి. తుపాకీ, జీపు, కళ్లు చెదిరే లైటు ఒక్కచోట చేరాక బయళ్లలో జింకల మందలు ఎంత తొందరగా తరిగిపోయాయో ఆ కాలం వాళ్లు స్వయంగా చూశారు. షికారు తాత కూడా చూశారు, జీపు వెనక సీట్లోంచి.

ఆ జీపులో ఎవరెవరున్నారో ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా రాబట్టాం. జాడ పట్టింది ఒక గొర్లకాపరి. మంద ఏ పక్క పండుకుంటుందో, గాలి ఎటు కొడుతుందో ఆయనకే తెలుసు. కథలో మాత్రం ఆయనకు పేరు లేదు, "ఇంకొకడుండె" అంతే. జీపు నడిపింది డ్రైవరు. లైటు పట్టింది పటేలు బామ్మర్ది. తుపాకీ పటేలుది, ఎల్జీ తూటా పటేలుది, మీట మీది వేలు కూడా పటేలుదేనని కొందరు గిట్టనివాళ్లు అంటారు. అయినా కథలో వచ్చే మాట "నేను కొట్టిన". గట్టిగా నిలదీస్తే మీసం సవరించుకొని ఇలా తేల్చేశారు: "కొట్టుమని చెప్పింది నేనే గద!"

ఇక దూరం. ఎల్జీ తూటా గుండ్లు నలభై, యాభై గజాలు దాటితే చెదిరిపోతాయి. ఆ తర్వాత తగలడం, తగలకపోవడం దైవాధీనం. మా చిన్నప్పటి కథలో జింక ముప్పై గజాల్లోనే ఉండేది. కథ మర్యాదగా ఉండేది. పిల్లలు పెద్దవుతున్నకొద్దీ అది వెనక్కి జరుగుతూ పోయింది. పోయిన దసరా నాటికి కృష్ణ దాటి అవతలి గట్టెక్కింది. అంటే తాత తెలంగాణలో పేల్చితే జింక కర్ణాటకలో, రాయచూరు జిల్లాలో పడిందన్నమాట. తెచ్చుకోవడానికి పుట్టి కట్టారా అని అడగబోయి ఊరుకున్నాం.

దూరం ముందుకు పోతుంటే తేదీ వెనక్కి పోతోంది. ఈ మనిషిలో నన్ను ఆకట్టుకున్నది ఇదే. వేటగాడు గొప్ప చెప్పుకోవాలంటే జింకను తనే కొట్టి ఉండాలి. జైలు తప్పించుకోవాలంటే కొట్టి ఉండకూడదు. ఈ రెంటి మధ్య షికారు తాత కనిపెట్టిన ఉపాయం పంచాంగాన్ని వెనక్కి తిప్పడం.

మొదట్లో ఆ జింక పడింది "ఎమర్జెన్సీ పెట్టిన ఏడు", అంటే 1975లో. ఊళ్లో సగం మందికి అలాగే గుర్తు. ఒకసారి బడి పంతులు నోరు జారి, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చిందని, కృష్ణజింక అందులో మొదటి షెడ్యూలులో ఉందని చెప్పాడు. పైగా 1975లోనే మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా హైదరాబాద్ శివార్లలో, ఒకప్పటి నిజాం వేటస్థలంలో, ఈ జింకల కోసమే మహావీర్ హరిణ వనస్థలి తెరిచారని కూడా చెప్పాడు. తాత ఆ సాయంత్రం మౌనంగా ఉన్నారు. మరుసటి వారం జింక "బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు" పడింది. 1971, చట్టానికి ఒక ఏడాది ముందు. అంత జాగ్రత్తగా కాలవ దాటినవాణ్ని నేను మళ్లీ చూడలేదు.

అక్కడ చాలా ఏళ్లు హాయిగా ఉన్నారు. తర్వాత సల్మాన్ ఖాన్ వచ్చి పడ్డాడు. 1998 అక్టోబరులో జోధ్‌పూర్ దగ్గర కంకాణీ ఊళ్లో, సినిమా షూటింగుకు వెళ్లి కృష్ణజింకల్ని వేటాడారన్న కేసు అది. జింకల్ని ప్రాణంగా చూసుకునే అక్కడి బిష్ణోయీలు పట్టు వదల్లేదు. 2018 ఏప్రిల్ 5న కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. ఆ రోజంతా టీవీలో జింకే. తాత రిమోట్ పట్టుకొని కదల్లేదు. "ఇరవై ఏండ్ల తర్వాత గూడ పట్టుకుంటరా?" అని ఒక్కటే ప్రశ్న వేశారు. రెండు రోజులకు బెయిలు వచ్చిందన్న వార్త చూశాకే అన్నం ముట్టారు. మరుసటి ఉగాదికి జింక "చైనా యుద్ధం" నాటిది అయిపోయింది. 1962.

ఆఖరి దెబ్బ మొన్న ఒక పెళ్లిలో తగిలింది. కథ మంచి రసపట్టులో ఉంది. ఎదురు బంతిలో కూర్చున్న కుర్రాడు పచ్చిపులుసు పోసుకుంటూ, "తాతా, నేను ఫారెస్టు బీట్ ఆఫీసర్ని, ఇదెప్పటి సంగతి?" అన్నాడు. తాత చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. "రజాకార్ల కాలం బిడ్డా" అన్నారు.

బడి సర్టిఫికెట్ ప్రకారం తాత పుట్టింది 1953లో. అంటే చైనా యుద్ధం నాటికి తొమ్మిదేళ్లు, రజాకార్ల కాలానికి ఇంకా పుట్టలేదు. లెక్క చెబితే నొచ్చుకోలేదు. "గది అయ్యవారు నోటికొచ్చినట్టు రాసిన తేదీ. అసలు పుట్టుక అంతకు శానా ముందు" అన్నారు. ఉద్యోగం దిగేముందు ఇదే మనిషి, అదే అయ్యవారు తన వయసు రెండేళ్లు ఎక్కువ రాశాడని అర్జీ పెట్టుకున్నారు. ఉద్యోగానికి చిన్నవాడు కావాలి, జింకకు పెద్దవాడు కావాలి. ఆ అయ్యవారు రెండు వైపులా తిట్లు తిన్నాడు.

మన పురాణాలు తిరగేసినవాడెవడూ అసలు ఈ గొప్ప చెప్పుకోడు. పాండురాజు లేడి జంట మీద బాణం వేస్తే అది ముని అయింది, శాపం తగిలి ప్రాణం మీదికొచ్చింది. శ్రీరాముడంతటివాడు మాయలేడి వెంట పోయి సీతమ్మను పోగొట్టుకున్నాడు. దుష్యంతుడు లేడిని తరుముతూ ఆశ్రమంలోకి పోయి పెళ్లి చేసుకొచ్చాడు, వచ్చి ఆ పెళ్లే మరిచిపోయాడు. జర అనే బోయ జింక అనుకొని కొట్టింది సాక్షాత్తు కృష్ణుడి పాదాన్ని. లేడి మీద గురిపెట్టి సుఖపడ్డవాడు లేడు. షికారు తాతకు మాత్రం ఏ శాపమూ తగల్లేదు. అసలు తూటాయే తగల్లేదేమోనని ఆయన ఇల్లాలి అనుమానం.

సాక్ష్యం ఒకటుంది. నడవలో మేకుకు వేలాడే కొమ్ము. దాని మీద గొడుగు, చేతిసంచి, మనవరాలి కాలేజీ కార్డు. ఇలాంటివి ఇంట్లో ఉంటే చూపి రాయించుకొమ్మని 1972 చట్టమే చెప్పింది. 2003లో మరోసారి గడువిచ్చారు. తాత రెండుసార్లూ రాయించలేదు. అందుకే కొత్త మొహం గడప తొక్కితే చాలు, భుజం మీది తువ్వాలు ఎగిరి కొమ్ము మీద పడుతుంది.

ఆ కొమ్ముకు మూడు కొనలు. బైపీసీ చదివే మనవరాలు ఒకరోజు దాన్నే చూస్తూ, "తాతా, కృష్ణజింక కొమ్ములకు కొమ్మలుండవ్. మెలితిరిగి పైకి పోతాయ్. ఇది చుక్కల దుప్పిది" అంది. తాత తడుముకోలేదు. 2014లో రాష్ట్రం వచ్చాక ఆయనకు ఎలాగూ ఒక చిక్కు వచ్చి పడింది. ఉమ్మడి రాష్ట్రానికి కృష్ణజింక రాష్ట్ర జంతువు. విడిపోయాక అది ఆంధ్రకు మిగిలింది, తెలంగాణ చుక్కల జింకను పెట్టుకుంది. అంటే ఆయన కొట్టింది పొరుగు రాష్ట్రం జంతువు. మనవరాలి మాటతో రెండు చిక్కులూ ఒక్కసారే విడిపోయాయి. ఆ రాత్రి నుంచి కథలోని జింక ఒంటి మీద చుక్కలు పొడవడం మొదలైంది.

ఆ పిల్ల అక్కడితో వదిలితే బాగుండేది. దుప్పి కొమ్ములు ఏటా ఊడిపడి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింకకైతే చచ్చేదాకా అవే కొమ్ములు. కొట్టిన దుప్పి కొమ్ము తీస్తే మొదట్లో పుర్రె ఎముక అంటుకొని ఉంటుంది. తానే రాల్చుకున్న కొమ్ము మొదలు గరుకుగా, గుండ్రంగా ఉంటుంది. పిల్ల గొడుగు తీసి పక్కన పెట్టి, కొమ్ము తిప్పి చూపించింది. మొదలు గుండ్రంగా ఉంది.

"పుర్రె ఏది తాతా?"

"పటేలు తీసుకున్నడు."

వంటింట్లోంచి అవ్వ గొంతు వచ్చింది: "శ్రీశైలం పోతుంటే మన్ననూరు కాడ బస్సు ఆగింది. ఈయన చెట్లలోకి పోయిండు, కొమ్ముతో వచ్చిండు. జింక రాత్రి ఇంటికి తెచ్చింది చలిజ్వరం. వారం దినాలు కషాయం కాసి పోసిన." తాత వినపడనట్టు కూర్చున్నారు. నలభై ఏళ్ల సంసారంలో సంపాదించిన విద్య అది.

అంతమాత్రాన అంతా అబద్ధమని నేననను. ఆ రాత్రి జీపు కదిలింది నిజం. లైటు వెలుతురులో కళ్లు మెరవడం, తుపాకీ చప్పుడు నిజం. ఏదో ఒకటి పడింది కూడా. ఎందుకంటే అన్ని వరసల్లోనూ కథ ఆ చప్పుడు దగ్గరే ఆగిపోతుంది. పడ్డ జింక ఎలా ఉందో ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. కోరల పులిని వర్ణించగల నోరు కదా అది! మనవరాలు చిన్నప్పుడు "అది కండ్లు మూసుకుందా తాతా?" అని అడిగితే మంచినీళ్లు తెమ్మన్నారు, తాగి వేరే మాట ఎత్తారు. నాకు మాత్రం ఆ కథలో అన్నిటికన్నా నమ్మదగిన ముక్క ఆ గ్లాసుడు నీళ్లే.

ఇప్పుడు తాత కృష్ణ ఒడ్డున ఉన్న తన పొలంలో కంది వేస్తున్నారు. చట్టం పుణ్యమా అని ఆ బయళ్లలో కృష్ణజింకల మందలు మళ్లీ పెరిగాయి. మొలకలు రెండాకులు వేసేసరికి దిగుతాయి. నారాయణపేట జిల్లా రైతుల ఏటేటి గోడు ఇదే. రాయి విసిరినా ఎవరైనా చూస్తారేమోనని భయం. చంపితే మూడేళ్లకు తగ్గని జైలు. అందుకని మంచె కట్టుకొని, స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడుతూ కూర్చుంటున్నారు. మొదటి రెండు రోజులు జింకలు చెవులు రిక్కించి చూశాయి. మూడో రోజు నుంచి తల కూడా ఎత్తడం లేదు. ఎంత దూరంలో మేస్తున్నాయని అడిగితే ఈసారి ఉన్నదున్నట్టు చెప్పారు: ముప్పై గజాలు.

పోయిన నెల పంట నష్టానికి అర్జీ పెట్టారు. నష్టం చేసిన జంతువు అన్నచోట సొంత దస్తూరితో కృష్ణజింక అని రాసి, కింద సంతకం చేసి, ఆ రోజు తేదీ వేశారు. ఆయనకూ జింకకూ లావాదేవీ నడిచినట్టు చూపించే కాగితం ఇప్పటివరకు అదొక్కటే.