లక్క, గుడ్డ, గడ్డి

‘మా రోజుల్లో’ అన్నానంటే చాలు, మా మనవడు ఫోన్ అందుకుంటాడు. అందుకోనీ.

కోర్టులో కేసు ప్రాపర్టీ చూసే గుమాస్తాగా చేశాను. నెత్తుటి లుంగీలు, కొడవళ్లు, పురుగుమందు డబ్బాలు అన్నీ నా తాళం కిందే. ప్రతి మూటకీ తెల్లగుడ్డ, పురికొస, లక్క సీలు, మధ్యవర్తుల సంతకాల చీటీ. వేడి లక్క పడ్డ మచ్చ నా బొటనవేలి మీద ఇంకా ఉంది. అప్పీలు తేలకుండా, జడ్జిగారి ఉత్తర్వు లేకుండా ఒక్క గుడ్డపేలిక బయటికి పోయేది కాదు.

అలాగని అంతా భేషని అనను. ఎలుకలు కొరికేవి. తడి ఆరని బట్టల్ని ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి పంపేవాళ్లు. విప్పితే గుప్పున కంపు, బూజు. నూజివీడు వాణ్ణి, నాకిది వేరే చెప్పాలా? చిన్నరసాల మామిడికాయలు గడ్డిలో మగ్గేస్తాం గానీ కవర్లో కడతామా? చెమటపట్టి కుళ్లిపోవూ! నెత్తుటి బట్టా అంతే. నీడపట్టున ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టాలి.

ఇప్పుడు చట్టాలకేం కొదవ లేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరమైతే ఫోరెన్సిక్ వాళ్లు రావాలి, వీడియో తియ్యాలి అంటోంది. ఆ నిబంధన అమలుకు మాత్రం రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు! 2025లో సుప్రీంకోర్టు డీఎన్ఏ నమూనాలు 48 గంటల్లో ల్యాబుకు చేరాలంది. కోర్టు అనుమతి లేనిదే సీలు విప్పకూడదంది. మా లక్క సీలు చెప్పిందీ అదేగా?

నా కడుపు మండేది ఆయేషా మీరా కేసు తలుచుకున్నప్పుడు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఆ పిల్లను చంపారు. 2010లో ఒకడికి శిక్షపడింది. 2017 మార్చి 31న హైకోర్టు వాణ్ణి నిర్దోషి అంది. మరి అసలువాడెవడని మళ్లీ దర్యాప్తు మొదలెడితే, అప్పీలు నడుస్తుండగానే కింది కోర్టులోని ఆధారాలు ధ్వంసం చేసేశారని తేలింది! చివరికి 2019 డిసెంబరులో తెనాలిలో ఆ పిల్ల సమాధి తవ్వాల్సొచ్చింది. దాచాల్సిన మూట దాచి ఉంటే ఆ తల్లిదండ్రులకు ఆ రోజు చూడాల్సిన గతి పట్టేదా?

ఆమధ్య మా తోటలో రెండు చెట్ల కాయలు రాత్రికి రాత్రి కోసుకుపోయారు. కెమెరా చూద్దామని తీరిగ్గా కూర్చుంటే, పాత వీడియో చెరిగిపోయింది.

“పదిహేను రోజులు దాటితే అదే చెరిపేసుకుంటుంది తాతయ్యా, ఆటోమేటిక్” అన్నాడు మావాడు గర్వంగా.

మా రోజుల్లో ఆ పని ఎలుకలు చేసేవి.